కాలు జారి చెయ్యి విరిగితే ఇంగ్లీషులో జారిందెవరు? ఒక నర్సు రాసిన ఉత్తరాల కేసు

ఇంగ్లీషు నేర్పే నా దగ్గరికి ఒక నర్సు తెచ్చిన మొదటి ఉత్తరంలో 27 వాక్యాలున్నాయి. మాటలు లెక్కపెడితే 190. అంటే వాక్యానికి సగటున ఏడు మాటలు. చెప్పుకోదగ్గ వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా చదువుతుంటే డాక్టర్‌కి రాసిన ఉత్తరంలా లేదు, పోలీస్ స్టేషన్‌లో ఇచ్చిన వాంగ్మూలంలా ఉంది.

"షి ఈజ్ 68 ఇయర్స్ ఓల్డ్. షి ఈజ్ ఎ రిటైర్డ్ టీచర్. షి లివ్స్ ఎలోన్. షి ఫెల్ ఇన్ ది బాత్రూమ్. షి ఫ్రాక్చర్డ్ హర్ రైట్ రిస్ట్. షి హాజ్ డయాబెటిస్. షి టేక్స్ మెట్‌ఫార్మిన్. షి ఈజ్ ఎలర్జిక్ టు పెన్సిలిన్."

ఇలా చివరిదాకా. ఆ పెన్సిలిన్ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఆమె ఒక ప్రైవేట్ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. ఆరేళ్ళ ఐసీయూ అనుభవం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బ్రిటన్‌లో ఉద్యోగానికి ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకు పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాస్తోంది. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్‌లలో 350 చొప్పున అడుగుతుంది, రైటింగ్‌లో మాత్రం 300 చాలంటుంది. ఆమెకు మిగతా మూడూ వచ్చేశాయి. రైటింగ్‌లో 270 దగ్గర ఆగిపోయింది. ఆమె అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. పేరు, ఆస్పత్రి, ఊరు తీసేశాను. ఆస్పత్రుల్లో అందరూ పిలిచినట్టే నేనూ ఆమెను సిస్టర్ అనేదాన్ని. ఉత్తరాల్లోని పేషెంట్లు నిజం మనుషులు కారు, ప్రాక్టీసు కోసం నేను కల్పించిన కేసులు.

ఈ పరీక్ష తెలియనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. రైటింగ్‌కి 45 నిమిషాలు. మొదటి 5 నిమిషాలు చదవడానికే, తర్వాత 40 నిమిషాలు రాయడానికి. పేషెంట్ కేస్ నోట్స్ ఇస్తారు. అన్నీ ముక్కలు ముక్కలుగా ఉంటాయి: వయసు, జబ్బులు, ఏ తేదీన ఏం జరిగింది, ఏం మందులు, ఇంట్లో ఎవరున్నారు. వాటిలోంచి కావలసినవి ఏరుకుని ఇంకో డాక్టర్‌కో, ఇంటికొచ్చి చూసే నర్సుకో, ఫిజియోథెరపిస్టుకో ఉత్తరం రాయాలి. ఉత్తరంలోని అసలు విషయం సుమారు 180 నుంచి 200 మాటలుండాలనేవారు. ఆరు అంశాల మీద మార్కులు. ఉద్దేశం స్పష్టంగా ఉందా అన్నదానికి 3, మిగతా ఐదింటికీ తలా 7. ఆ ఐదింట్లో క్లుప్తత, స్పష్టత కలిపి ఒకటి, భాష ఇంకొకటి. ప్రశ్నపత్రంలోనే ఒక సూచన ఉంటుంది, నోట్స్‌ను పూర్తి వాక్యాలుగా విస్తరించి రాయమని. సిస్టర్ దాన్ని అక్షరాలా పాటించింది. ఒక్కో ముక్కకు ఒక్కో వాక్యం!

నేను చేసిన తప్పు

చిన్న వాక్యాలే జబ్బు అనుకుంటే మందు తేలిగ్గానే తడుతుంది, వాక్యాలు కలపడం నేర్పేయడమే. నేనూ అదే చేశాను. మన స్కూళ్ళలో ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి ఉందిగా: పార్టిసిపుల్‌తో కలపండి, హూ-విచ్‌తో కలపండి, ఆల్దోతో కలపండి, టూ-టుతో కలపండి. మూడు వారాలు వర్క్‌షీట్లు చేయించాను. "హి ఫినిష్డ్ హిజ్ వర్క్. హి వెంట్ హోమ్." దీన్ని "హావింగ్ ఫినిష్డ్ హిజ్ వర్క్, హి వెంట్ హోమ్" అని మార్చడం. అన్నీ కరెక్టుగా చేసింది. పదికి పది. నాకు సంతోషం, ఆమెకు ధైర్యం.

నాలుగో వారం ఉత్తరం రాయించాను. వచ్చిన వాక్యాలు ఇవి.

"హావింగ్ స్లిప్డ్ ఇన్ ది బాత్రూమ్, హర్ రైట్ రిస్ట్ వాజ్ ఫ్రాక్చర్డ్."

"లివింగ్ ఎలోన్, హర్ డాటర్ విజిట్స్ హర్ ఎవ్రీ సండే."

"బీయింగ్ ఎలర్జిక్ టు పెన్సిలిన్, ది డాక్టర్ గేవ్ అనదర్ యాంటీబయాటిక్."

ఇంగ్లీషు చదివేవాడికి మొదటి వాక్యంలో బాత్రూంలో జారిపడింది మణికట్టు. రెండో వాక్యంలో ఒంటరిగా ఉంటున్నది కూతురు. మూడోదాంట్లో పెన్సిలిన్ పడనిది డాక్టర్‌కి. మొదటి ఉత్తరం బోరు కొట్టించినా తప్పు సమాచారం ఇవ్వలేదు. నేను మూడు వారాలు నేర్పాక వచ్చిన ఉత్తరం అది కూడా చేసింది.

"పెన్సిలిన్ పడనిది ఎవరికమ్మా?" అని అడిగాను.

"పేషెంటుకే కదా మేడం!"

"మీరు రాసిందాని ప్రకారం డాక్టర్‌కి."

ఆమె వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. "అలా ఎలా అవుతుంది మేడం? పెన్సిలిన్ పడక డాక్టర్ గారు వేరే యాంటీబయాటిక్ రాశారు. నేను రాసింది అదే కదా?" అంది.

ఆ మాటతో నాకు విషయం తట్టింది. నిజమే, ఆమె తెలుగు వాక్యంలో ఏ తప్పూ లేదు. "పెన్సిలిన్ పడక డాక్టర్ గారు వేరే మందు రాశారు" అంటే డాక్టర్‌కి పడలేదని తెలుగువాడెవడూ అనుకోడు. పేషెంట్ అన్న మాటే వాక్యంలో లేకపోయినా అందరికీ అర్థమవుతుంది. ఆమె కలపడం రాక తప్పు చేయలేదు. పుట్టినప్పటి నుంచీ వాక్యాలు కలుపుతూనే ఉంది. ఆ అలవాటునే ఇంగ్లీషులోకి మోసుకొచ్చింది.

తెలుగు ఇచ్చే వెసులుబాటు

పదో తరగతి తెలుగులో సామాన్య వాక్యాలను సంక్లిష్ట వాక్యంగా మార్చమని అడుగుతారు. అక్కడ క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం వస్తాయి. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా. రెండు వాక్యాలకూ కర్త ఒకటే అయితే మొదటి సమాపక క్రియను అసమాపకం చేసి కలిపేయడం మనందరం చేసిందే. "రాముడు అన్నం తిన్నాడు. రాముడు బడికి వెళ్ళాడు." కలిపితే "రాముడు అన్నం తిని బడికి వెళ్ళాడు." ఇక్కడి దాకా ఇంగ్లీషుకూ తెలుగుకూ పేచీ లేదు. ఇంగ్లీషు వర్క్‌షీట్లలో ఇచ్చేవీ ఇలాంటి వాక్యాలే. అందుకే సిస్టర్‌కి పదికి పది వచ్చాయి.

కానీ మనం మాట్లాడే తెలుగు అంతటితో ఆగదు. "వాన పడి చెరువు నిండింది." పడింది వాన, నిండింది చెరువు. "కాలు జారి చెయ్యి విరిగింది." జారింది కాలు, విరిగింది చెయ్యి. ఆ రెండూ ఎవరివో వాక్యంలో లేనే లేదు. ఒకటి కారణమై రెండోది ఫలితమైతే చాలు, కర్తలు వేరైనా తెలుగు పట్టించుకోదు. అలాగని పూర్తిగా గేట్లు ఎత్తేసిందనీ కాదు. "నేను ఇంటికి వచ్చి ఆమె వంట చేసింది" అంటే చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. కారణ కార్య సంబంధం ఉన్నచోటే ఆ వెసులుబాటు. మనం దాన్ని నేర్చుకున్నట్టు కూడా గుర్తుండదు, అమ్మ మాటల్లోంచే వచ్చేస్తుంది.

ఇంగ్లీషు పార్టిసిపుల్‌కి ఈ ఉదారత లేదు. ముందున్న ముక్కకు కర్త లేకపోతే, కామా దాటాక వచ్చే ప్రధాన వాక్యపు కర్తకు దాన్ని తగిలించేస్తుంది. అక్కడ మణికట్టు ఉంటే మణికట్టుకి, డాక్టర్ ఉంటే డాక్టర్‌కి.

కామా దాటాక వచ్చేదాన్ని పిలిచి నిలదీయమన్నాను. "హావింగ్ స్లిప్డ్ ఇన్ ది బాత్రూమ్" అని రాశారా? కామా పక్కనే ఎవరున్నారు? రిస్ట్. "ఏమ్మా రిస్టూ, జారింది నువ్వేనా?" అది "నేను కాదు, మా అమ్మగారు" అంటే వాక్యం తప్పు. సిస్టర్‌కి ఇది భలే నచ్చింది. తర్వాత వారాల్లో ఆమె నోట్‌బుక్ మార్జిన్ నిండా "నువ్వేనా?" అని చిన్న అక్షరాలతో రాసి ఉండేది.

తప్పని తేలాక ఏం చేయాలి? రిస్ట్‌ను తప్పించి మనిషిని కర్త చేస్తే సగం వాక్యాలు బాగుపడతాయి: "షి స్లిప్డ్ ఇన్ ది బాత్రూమ్ అండ్ ఫ్రాక్చర్డ్ హర్ రైట్ రిస్ట్." కర్తలు నిజంగానే వేరైతే యాజ్, వెన్ లాంటిది పెట్టి ఇద్దరినీ పైకి చెప్పాలి: "యాజ్ షి ఈజ్ ఎలర్జిక్ టు పెన్సిలిన్, ది డాక్టర్ గేవ్ అనదర్ యాంటీబయాటిక్." ఇంకో దారి కూడా ఉంది. "ది వూండ్ హావింగ్ హీల్డ్, ది స్టేపుల్స్ వర్ రిమూవ్డ్." అచ్చం మన "గాయం మాని కుట్లు తీసేశారు" లాగే, కర్త తనతో పాటే వస్తుంది. గ్రామర్ పేపర్లకు ఈ నిర్మాణమంటే మహా మోజు. నేను మాత్రం దాన్ని ఆమె చేత రాయించలేదు. వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు గానీ, ఇవాళ ఒక నర్సు ఇంకో నర్సుకు రాసే ఉత్తరంలో అది పట్టు పంచె కట్టుకుని డ్యూటీకి వచ్చినట్టుంటుంది.

ఆపరేషన్ చేసిన...

రెండో చిక్కు ఇంకో వారానికి బయటపడింది. "ది హ్యాండ్ విచ్ ది కాన్యులా వాజ్ ఇన్సర్టెడ్ ఈజ్ స్వోలెన్" అని రాసింది. కాన్యులా అంటే సెలైన్ ఎక్కించడానికి నరంలోకి పెట్టే సన్నటి గొట్టం. చెయ్యి వాచింది, సరే. కానీ "విచ్" తర్వాత లంకె తెగిపోయింది. "ఇన్‌టు విచ్" కావాలి. ఇంకోచోట "ది చెయిర్ విచ్ షి సిట్స్" అని ఉంది, "ఆన్" లేదు. ప్రిపొజిషన్లు రావా అంటే, విడిగా అడిగితే వస్తాయి. "షి సిట్స్ ఆన్ ఎ చెయిర్" అని చక్కగా రాస్తుంది. కలిపేటప్పుడే ఆ "ఆన్" ఎగిరిపోతోంది.

దీని మూలం కూడా తెలుగులోనే దొరికింది. ఆమెతో కూర్చుని "ఆపరేషన్ చేసిన" తర్వాత ఏమేం రావచ్చో రాశాం. ఆపరేషన్ చేసిన డాక్టర్. ఆపరేషన్ చేసిన పేషెంట్. ఆపరేషన్ చేసిన చెయ్యి. ఆపరేషన్ చేసిన రోజు. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి. ఆపరేషన్ చేసిన కత్తి. ఆరింటికీ ముందున్న మాట ఒక్కటే, ఒక్క అక్షరం మారలేదు. డాక్టర్ చేసినవాడు, పేషెంట్ చేయించుకున్నవాడు, కత్తితో చేశారు, ఆస్పత్రిలో చేశారు. ఆ "తో", ఆ "లో" ఏమయ్యాయి? క్రియ కాస్తా ధాతుజ విశేషణంగా ("చేసిన" లాంటి మాటగా) మారి నామవాచకం ముందు కూర్చునే సరికి విభక్తి మాయమైపోయింది. వినేవాడు లోకజ్ఞానంతో పూరించుకుంటాడు. కత్తి ఆపరేషన్ చేయదని అందరికీ తెలుసు కదా!

ఇంగ్లీషు అలా వదలదు. డాక్టర్‌కి "హూ", పేషెంట్‌కి "ఆన్ హూమ్", రోజుకి "వెన్", ఆస్పత్రికి "వేర్", కత్తికి "విత్ విచ్". మాయమైన ప్రతి విభక్తీ లెక్కకు రావాలి. కాబట్టి ఇలాంటి వాక్యం రాసేముందు తెలుగు మాటను మళ్ళీ చిన్న వాక్యంగా విడగొట్టి చూడమన్నాను. కాన్యులా పెట్టిన చెయ్యి. కాన్యులా ఎక్కడికి పెట్టారు? చేతిలోకి. ఆ "లోకి" ఉందిగా, అదే "ఇన్‌టు". సరదాకి చెప్పాలంటే, సాయంత్రం ట్యూషన్‌కొచ్చే టెన్త్ పిల్లలకి "నేను రాసిన పెన్ను" అన్నదాన్ని ఇంగ్లీషులో చెప్పమన్నాను. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివినవాళ్ళు కూడా "ది పెన్ విచ్ ఐ రోట్" అనే చెప్పారు. "విత్" ఒక్కరికీ రాలేదు. తెలుగు మీడియం వాళ్ళకే ఈ బాధ అన్న మాట నేను అప్పటి నుంచి అనడం మానేశాను.

చాలాచోట్ల "విచ్" అవసరమే ఉండదు. "షి ఈజ్ 68 ఇయర్స్ ఓల్డ్. షి ఈజ్ ఎ రిటైర్డ్ టీచర్" అన్నవాటికి "ఎ 68-ఇయర్-ఓల్డ్ రిటైర్డ్ టీచర్" చాలు. తెలుగులో విశేషణాలు పేరు ముందే వరుసగా నిలబడతాయి కాబట్టి ఇది ఆమెకు వెంటనే వచ్చేసింది. "68 ఏళ్ళ" అనే అలవాటు వల్ల "ఇయర్స్" అని బహువచనం ఒకటి రెండుసార్లు జారిపడింది, అంతే.

తెలుగు అడ్డుపడ్డ చోట్లే చెబుతున్నాను, సాయపడ్డ చోటూ ఉంది. "డ్యూ టు షి ఫెల్ డౌన్" అని రాసేది. "పడింది వల్ల అంటామా?" అని అడిగాను. నవ్వి, "పడడం వల్ల అంటాం" అంది. "వల్ల" ముందు సమాపక క్రియ రాదు, నామవాచకమో, నామవాచకంగా మారిన క్రియో రావాలి. "డ్యూ టు"కీ అదే నియమం: "డ్యూ టు ఎ ఫాల్." ఇక్కడ అర నిమిషంలో పని అయిపోయింది. మళ్ళీ ఆ తప్పు చేయలేదు.

ఇంటిపెద్ద ఎవరు

నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే లోతైన సంగతి ఇది. దీన్ని నేను చాలా ఆలస్యంగా గమనించాను.

రెండు నెలలు గడిచాయి. కర్తలు కుదిరాయి, విభక్తులు కుదిరాయి. ఇంకో ప్రాక్టీసు కేసు ఇచ్చాను. దగ్గు, బరువు తగ్గడం, ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ, స్పెషలిస్టు దగ్గరికి అర్జెంటుగా పంపాలి. ఆమె రాసింది:

"హావింగ్ బీన్ ఫౌండ్ టు హావ్ ఎ షాడో ఆన్ హిజ్ చెస్ట్ ఎక్స్-రే, హి వెంట్ హోమ్ ఆన్ మండే."

"నువ్వేనా?" పరీక్షలో పాసైంది. ఎక్స్‌రేలో మచ్చ కనబడ్డదీ అతనికే, ఇంటికి వెళ్ళిందీ అతనే. గ్రామర్‌లో వంక పెట్టలేం. కానీ చదివే డాక్టర్‌కి ఏం తెలుస్తుంది? సోమవారం ఇంటికి వెళ్ళడం పెద్ద కబురు, ఊపిరితిత్తిలో మచ్చ పక్కన చెప్పిన ముచ్చట.

ఎందుకలా రాసిందో తెలుగులో వింటే తెలుస్తుంది. "ఎక్స్‌రే తీసి, మచ్చ ఉందని చెప్పి, మందులు రాసి, సోమవారం ఇంటికి పంపారు." జరిగింది జరిగినట్టు వరుసగా వస్తుంది. ఆఖరున జరిగినదానికి సమాపక క్రియ దక్కుతుంది. కానీ తెలుగులో ఆ "చెప్పి" చిన్నదైపోలేదు. తీసి, చెప్పి, రాసి, పంపారు: నాలుగూ ఒకే దారంలో ఒకే సైజు పూసలు. చివరి పూస దగ్గర ముడి వేశాం, అంతే. ఇంగ్లీషులో "హావింగ్" పెట్టగానే ఆ ముక్క ఒక మెట్టు దిగిపోతుంది. నేపథ్యమైపోతుంది. చదివేవాడి కన్ను ప్రధాన వాక్యం మీదికి పరుగెడుతుంది.

అందుకే ఇప్పుడు నేను క్లాసులో, చాలామంది తోటి మాస్టర్లకు నచ్చని మాట ఒకటి చెబుతున్నాను. తెలుగు "చేసి"కి ఇంగ్లీషులో మొదట తట్టాల్సింది "అండ్". "హావింగ్ డన్" కాదు. మన వర్క్‌షీట్లు "చేసి" అంటే "హావింగ్" అని పిల్లల బుర్రల్లో ముద్ర వేశాయి. ఇంగ్లీషువాళ్ళు రోజువారీ రాతలో ఆ "హావింగ్" అంత తరచుగా వాడరు, వాడినప్పుడు ఆ ముక్కను కావాలనే వెనక్కి నెట్టడానికి వాడతారు.

సిస్టర్‌తో చేసింది ఇది. కేస్ నోట్స్‌ను కత్తెరతో కాగితం ముక్కలుగా కత్తిరించాం. ఒక పేరాలోకి వెళ్ళాల్సిన మూడు నాలుగు ముక్కలు బల్ల మీద పెట్టి, "వీళ్ళలో ఇంటిపెద్ద ఎవరు?" అని అడిగేదాన్ని. ఉత్తరం అందుకునే మనిషికి ఏది తెలియకపోతే పేషెంటుకు నష్టమో అదే ఇంటిపెద్ద. అది ప్రధాన వాక్యంలో నిలబడుతుంది. మిగతావి దాని వెనక "హూ" తోనో, "ఆఫ్టర్" తోనో, కామాల మధ్య చిన్న మాటగానో సర్దుకుంటాయి. అదే కేసు రెండోసారి ఇలా వచ్చింది: "హిజ్ చెస్ట్ ఎక్స్-రే, టేకెన్ ఆఫ్టర్ సిక్స్ వీక్స్ ఆఫ్ కాఫ్, షోడ్ ఎ షాడో ఇన్ ది రైట్ లంగ్." ఇంటికి వెళ్ళిన సంగతి ఆ వాక్యంలో లేనే లేదు, ఆఖరి పేరాకు వెళ్ళిపోయింది.

ఈ పనిలో ఆమెకున్న బలం నాకు లేదు. ఐసీయూలో ఆరేళ్ళు చేసిన మనిషి, ఏ ముక్క ముఖ్యమో నాకంటే పదింతలు తెలుసు. ఒకసారి నేను "డయాబెటిస్" ఇంటిపెద్ద అనుకున్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, "కాదు మేడం, గాయం మానట్లేదు, అది ముందు. షుగర్ దాని వెనక" అంది. ఆమెదే రైటు. అప్పటిదాకా నేను గ్రామర్ పేర్లతో మాట్లాడుతూ ఉంటే ఆ తెలివి బయటికి రావడానికి సందు దొరకలేదు.

ఆ పేర్లను నేను ఆ నెలలోనే వదిలేశాను. నౌన్ క్లాజ్, ఎడ్జెక్టివ్ క్లాజ్ అన్న మాటలు బల్ల మీదికి రానివ్వలేదు. ఇది నేను కనిపెట్టిందేం కాదు. అమెరికాలో ఫ్రాంక్ ఓహేర్ అనే ఆయన 1973లో ఏడో తరగతి పిల్లలతో చేసిన పని అచ్చయింది. వ్యాకరణ పాఠం చెప్పకుండా వాక్యాలు కలిపే సాధన ఒక్కటే చేయిస్తే పిల్లల రాత మెరుగుపడిందని అందులో చూపించారు. అంతకుముందు 1965లో కెలాగ్ హంట్, రాత ఎంత ఎదిగిందో కొలవడానికి ఒక ప్రధాన వాక్యాన్నీ దానికి అతుక్కున్న ఉపవాక్యాలనూ కలిపి ఒక యూనిట్‌గా లెక్కపెట్టే పద్ధతి పెట్టారు. ఫుల్‌స్టాపులు లెక్కపెట్టడం కంటే అది నయం. ఎందుకంటే వరసగా "అండ్, అండ్" అంటూ పేజీ పొడవునా లాగినవాడు ఎదిగినట్టు కనబడకుండా ఉంటాడు. అయితే వాళ్ళు చూసిన పిల్లల సొంత భాష ఇంగ్లీషు. మన పిల్లలకు ఇంకో భాష కలిపే పద్ధతి అప్పటికే నాలుక మీద ఉంటుంది. అందుకే పేర్లు వదిలేసినా తెలుగును మాత్రం బల్ల మీద ఉంచుకున్నాను.

శ్రుతి మించినప్పుడు

కలపడం వచ్చాక కలపడమే పనైపోయింది. ఒక ఉత్తరంలో ఒకే వాక్యం 54 మాటలు. హూ, విచ్, ఆల్దో, యాజ్, వైల్ అన్నీ ఉన్నాయి, పెళ్ళి విస్తరిలా. ఎవరు ఎవరికి ఏం చేశారో తెలుసుకోవడానికి నేను పెన్సిల్‌తో గీతలు గీసుకోవాల్సి వచ్చింది. పైగా "ఆల్దో" పెట్టి మళ్ళీ "బట్" కూడా పెట్టింది. మనం "మందులు వాడుతున్నా కానీ జ్వరం తగ్గట్లేదు" అంటాం కదా, ఆ "కానీ" ఇక్కడ దిగింది.

"ఇదేంటి సిస్టర్?" అంటే, "పెద్ద వాక్యాలు రాస్తే మార్కులొస్తాయని వాట్సాప్ గ్రూపులో చెప్పారు మేడం" అంది. ఆ గ్రూపులో ఎవరున్నారో గానీ, వాళ్ళ పుణ్యమా అని రెండు వారాలు పోయాయి. నైట్ డ్యూటీ దిగి నేరుగా క్లాసుకొచ్చే మనిషికి రెండు వారాలంటే మాటలు కాదు.

అప్పుడే మొదటి ఉత్తరం మళ్ళీ తీసి పక్కన పెట్టాను. 27 వాక్యాల్లో ఏది కలపకుండా అలాగే ఉండాలో చెప్పమన్నాను. కాసేపు చూసి "ఎలర్జిక్ టు పెన్సిలిన్" మీద వేలు పెట్టింది. ఎందుకంటే, "వార్డులో దాన్ని ఎర్ర ఇంకుతో రాస్తాం మేడం. ఇంకోదాని వెనక దాస్తే ఎవరైనా మిస్సవుతారు." ఆ మాట తర్వాత వాక్యం పొడుగు గురించి నేను పెద్దగా ఏమీ చెప్పాల్సి రాలేదు.

పరీక్షకు వారం ముందు రాసిన ఉత్తరంలో 188 మాటలు, 11 వాక్యాలు. అదే 68 ఏళ్ళ టీచర్ కేసు, ఈసారి ఇంటికొచ్చి కట్టు మార్చే నర్సుకు. కొన్ని వాక్యాలు ఇక్కడ పెడుతున్నాను.

"ఐ యామ్ రైటింగ్ టు రిక్వెస్ట్ వూండ్ కేర్ ఎట్ హోమ్ ఫర్ దిస్ 68-ఇయర్-ఓల్డ్ రిటైర్డ్ టీచర్, హూ లివ్స్ ఎలోన్. ఆన్ 3 మే షి స్లిప్డ్ ఇన్ ది బాత్రూమ్ అండ్ ఫ్రాక్చర్డ్ హర్ రైట్ రిస్ట్, విచ్ వాజ్ ఫిక్స్డ్ విత్ ఎ ప్లేట్ ది ఫాలోయింగ్ డే. ఆల్దో హర్ డయాబెటిస్ ఈజ్ వెల్ కంట్రోల్డ్ ఆన్ మెట్‌ఫార్మిన్, ది వూండ్ ఈజ్ హీలింగ్ స్లోలీ. షి ఈజ్ ఎలర్జిక్ టు పెన్సిలిన్."

"జారి" అన్నది "అండ్" అయింది. "విచ్" పక్కనే రిస్ట్ ఉంది, ప్లేట్ వేసింది దానికే కాబట్టి "నువ్వేనా?" అంటే అవునంటుంది. షుగర్ వెనక నిలబడి గాయం ముందుకొచ్చింది. నాలుగో వాక్యం మొదటి రోజు రాసిందే, అక్షరం మారలేదు.

రైటింగ్‌లో 330 వచ్చింది. ఇంతా చేసి "ఎ, ఎన్, ది" మాత్రం చివరిదాకా ఆమెను సతాయిస్తూనే ఉన్నాయి. ఆ ఉత్తరంలో కూడా రెండుచోట్ల "ది" లేకపోతే నేనే పెట్టాను. ఆర్టికల్స్ ఊసే లేని భాషలోంచి వచ్చినవాళ్ళకు అదో వేరే కేసు. నా దగ్గర దానికి ఇంకా సరైన మందు లేదు.

అక్కడ డ్యూటీలో చేరిన నెలకు వాయిస్ మెసేజ్ పంపింది. వార్డులో షిఫ్ట్ మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌ని ఎస్‌బార్ పద్ధతిలో చెప్పాలట: పరిస్థితి, నేపథ్యం, అంచనా, ఏం చేయాలి. "ఇక్కడ షీటు మీద అందరూ ముక్కలే రాస్తున్నారు మేడం. ఏజ్, ఫాల్, రిస్ట్, షుగర్, ఎలర్జీ. వాక్యం కలిపేవాళ్ళు ఒక్కరూ లేరు" అని పగలబడి నవ్వింది. మరి నువ్వేం రాస్తున్నావని అడిగితే, "నేనూ ముక్కలే. కాకపోతే ఇంటిపెద్దను పైన రాస్తున్నా" అంది.